హోంవర్క్ సందేహాలు (బీజగణితం, కామర్స్, సైకాలజీ): తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట ముగ్గురం కూర్చుని విద్యార్థుల హోంవర్క్ సందేహాలు తీరుస్తుంటాం. ఒకరు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మేష్టారు, ఒకరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు పద్దులు రాసేవారు, ఒకరు బీఈడీ కాలేజీలో సైకాలజీ చెప్పే మేడమ్. వచ్చిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకని ఎక్కువమంది అడిగేవాటిని జవాబులతో సహా ఇక్కడ పెట్టాం. ముందు ఇది చదివి, అప్పటికీ తేలకపోతే రండి.

ఎవరెవరు అడగవచ్చు?

ఏడో తరగతి నుంచి డిగ్రీ దాకా ఎవరైనా. లెక్కలకు ఎక్కువగా 8, 9, 10 తరగతుల పిల్లలు వస్తారు. కామర్స్‌కు ఇంటర్ సీఈసీ, ఎంఈసీ వాళ్లు, బీకామ్, బీబీఏ వాళ్లు, నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలో చదువుకుంటూ ఉద్యోగం చేసేవాళ్లు. సైకాలజీకి బీఈడీ, డీఈఎల్ఈడీ, నర్సింగ్ మొదటి ఏడాది వాళ్లతోపాటు టెట్, డీఎస్సీకి చదివేవాళ్లు కూడా. అవనిగడ్డలో కోచింగ్ తీసుకుని సెలవుకి ఇంటికొచ్చి, ఇక్కడ మెటీరియల్ ముందేసుకుని కూర్చునేవాళ్లు ప్రతి నోటిఫికేషన్‌కీ ఉంటారు. ఐఐటీ ఫౌండేషన్, ఇంజినీరింగ్ మ్యాథ్స్ మాత్రం మా వల్ల కాదు.

ఈ మూడు సబ్జెక్టులూ ఒకచోట ఎందుకు?

మా ముగ్గురికీ వచ్చినవి అవి కాబట్టి. కలిసి కూర్చున్నాక ఇంకో లాభం కూడా కనిపించింది. బ్రేక్ ఈవెన్ (లాభం, నష్టం లేని అమ్మకం) లెక్క ఆగిపోయిన బీకామ్ విద్యార్థికి నిజానికి ఆగింది ఎనిమిదో తరగతి సమీకరణం దగ్గర. అలాంటప్పుడు కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంటే సరిపోతుంది.

జవాబు చెప్పేస్తే రాసుకుపోతాం కదా. మా ప్రయత్నం ఎందుకు చూపించమంటారు?

జవాబు పుస్తకం వెనక పేజీలోనే ఉంటుంది, గైడులో ఉంటుంది, ఫోన్‌లో ఉంటుంది. దానికోసం బ్రాడీపేట దాకా రానక్కర్లేదు. మేం చూడాల్సింది మీరు ఏ లైనులో పక్కకి వెళ్లారన్నది. ఒకే లెక్కకి ఒకే తప్పు జవాబు రాసిన ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు చోట్ల తప్పిపోయి ఉండొచ్చు. ఒకరికి మైనస్ గుర్తు దగ్గర, ఇంకొకరికి ప్రశ్న చదవడం దగ్గర. ఇద్దరికీ ఒకే సాధన రాసిచ్చి పంపితే రేపు మళ్లీ ఇద్దరూ వస్తారు.

ప్రశ్నను ఎలా పంపాలి?

వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపండి. ఒకటి పుస్తకంలోని ప్రశ్న పూర్తిగా, రెండోది నోట్సులో మీరు చేసింది. ట్యూబులైటు కింద ఫోన్ నీడ పేజీ మీద పడకుండా తీయండి. అన్నిటికన్నా ముఖ్యం, తప్పనిపించిన లైనును రబ్బరుతో చెరిపేయకండి. ఒక్క గీత కొట్టి వదిలేయండి. మాకు పనికొచ్చేది ఆ కొట్టేసిన లైనే. నీట్‌నెస్‌కి మార్కులు స్కూల్లో వేయించుకోవచ్చు, ఇక్కడ వేయం.

"సార్ 4వ చాప్టర్ అర్థం కాలేదు" అని ఒక్క ముక్క పంపితే మేం చేయగలిగింది ఏమీ లేదు.

తెలుగులో అడగాలా, ఇంగ్లీషులోనా?

ఎలా వస్తే అలా.

## బీజగణితం

"అటు పంపితే గుర్తు మారుతుంది" అని చెప్పారు. అలాగే చేశాను. అయినా తప్పెందుకు వచ్చింది?

మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. పక్షాంతరం అనే పద్ధతిని పిల్లలు ఒక మంత్రంలా పట్టుకుంటారు. ఎక్స్ + 5 = 12 అన్నప్పుడు 5 అటు వెళ్లి మైనస్ అవుతుంది, ఎక్స్ = 7. బాగానే ఉంది. తర్వాత లెక్క 3ఎక్స్ = 12. ఇక్కడ కూడా 3ని అటు పంపి గుర్తు మార్చేసి, ఎక్స్ = 12 − 3 = 9 అని రాస్తారు. ఇంకొందరు −3ఎక్స్ = 12లో భాగించడం సరిగ్గానే చేస్తారు కానీ, అటు వెళ్లింది కదా అని −3ని 3 చేసి, ఎక్స్ = 4 తెస్తారు.

అసలు ఏ అంకె కూడా ఎటూ వెళ్లదు. సమీకరణంలో రెండు వైపులా ఒకే పని చేస్తున్నాం, అంతే. ఎక్స్ + 5 = 12లో రెండు వైపులా 5 తీసేశాం. ఎడమవైపు 5 పోయింది, కుడివైపు 12 − 5 మిగిలింది. చూసేవాళ్లకి 5 గెంతి గుర్తు మార్చుకున్నట్టు కనిపించింది. 3ఎక్స్‌లో 3 కూడి లేదు, గుణించి ఉంది. దాన్ని వదిలించుకోవాలంటే రెండు వైపులా 3తో భాగించాలి: ఎక్స్ = 4. −3ఎక్స్ = 12లో రెండు వైపులా −3తో భాగించాలి: ఎక్స్ = −4.

కొన్నాళ్లపాటు "అటు పంపడం" అనే మాటే వాడకండి. ప్రతి లైను పక్కన చిన్నగా "రెండు వైపులా 5 తీసేశాను", "రెండు వైపులా 3తో భాగించాను" అని పెన్సిల్‌తో రాయండి. విసుగ్గానే ఉంటుంది. అలవాటయ్యాక మానేయొచ్చు.

బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే ప్రతిసారీ తప్పు పోతోంది.

ఈ లెక్క చూడండి: 7 − 2(ఎక్స్ − 3) = 3.

దీనికి మాకు రెండు రకాల తప్పులొస్తాయి. మొదటిది: 7 − 2ఎక్స్ − 6 = 3. 2 రెండు పదాలకీ తగిలింది కానీ, దాని మైనస్ బ్రాకెట్‌లోని మొదటి పదాన్ని మాత్రమే పలకరించి వచ్చేసింది. రెండోది: 7లోంచి 2 ముందే తీసేసి 5(ఎక్స్ − 3) = 3 అని రాయడం. రెండోది చేసేవాళ్లకి గుర్తుల సమస్య లేదు, ఏ పని ముందు చేయాలన్న వరుస తెలియలేదు. గుణకారం ముందు, తీసివేత తర్వాత.

సరైన దారి: −2ని ఎక్స్‌తోనూ −3తోనూ గుణిస్తే −2ఎక్స్ + 6. కాబట్టి 7 − 2ఎక్స్ + 6 = 3, అంటే 13 − 2ఎక్స్ = 3, 2ఎక్స్ = 10, ఎక్స్ = 5. ఇప్పుడు 5ని మొదటి లైనులో పెట్టండి: 7 − 2 × 2 = 3. సరిపోయింది. ఈ ప్రతిక్షేపణకి అరనిమిషం చాలు. ఎవరినీ అడగకుండా మీ జవాబు రైటో తప్పో మీకే తెలిసిపోతుంది. అయినా పదిమందిలో ఒకరు చేస్తే గొప్ప.

(ఏ + బీ)² అంటే ఏ² + బీ² ఎందుకు కాదు?

ఏ = 3, బీ = 4 అనుకోండి. 7 వర్గం 49. అదే 9 + 16 అయితే 25. మధ్యలో 24 ఎక్కడికో పోయింది. ఏడడుగుల చదరం గీసి, రెండు పక్కలా 3, 4 దగ్గర గీత గీయండి. 3 × 3 ముక్క ఒకటి, 4 × 4 ముక్క ఒకటి, మూలల్లో 3 × 4 ముక్కలు రెండు వస్తాయి. ఆ రెండు పన్నెండ్లే ఇరవైనాలుగు. అదే 2ఏబీ. బొమ్మ ఒకసారి మీ చేత్తో గీస్తే సర్వసమీకరణం కంఠతా పట్టాల్సిన పని ఉండదు.

ఎక్స్² = 5ఎక్స్. రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే ఎక్స్ = 5. మార్కులు ఎందుకు తగ్గాయి?

ఎక్స్ సున్నా అయ్యే అవకాశం ఉన్నప్పుడు దానితో భాగించకూడదు. మీరు కొట్టేసింది ఒక జవాబును. అన్నీ ఒకవైపు తెచ్చి ఎక్స్(ఎక్స్ − 5) = 0 అని కారణాంకాలుగా రాస్తే ఎక్స్ = 0, ఎక్స్ = 5 రెండూ వస్తాయి.

వర్గ సమీకరణానికి రెండు జవాబులొస్తే ఏది రాయాలి?

రెండూ రాయండి. పొలం వెడల్పు, మనిషి వయసు లాంటివి అడిగినప్పుడు మైనస్ వచ్చినదాన్ని కారణం చెప్పి వదిలేయండి. ఆ కారణం ఒక వాక్యంగా రాయాలి, ఊరికే కొట్టేయకూడదు.

సమీకరణం ఇస్తే చేయగలను. మాటల్లో ఇస్తే టెన్షన్ వచ్చేస్తుంది. ఏం చేయాలి?

గుంటూరు వాళ్లకి తెలిసిన సరుకుతోనే చూద్దాం. ఒక రైతు యార్డుకి తేజ రకం మిర్చి, తాలు మిర్చి కలిపి 50 టిక్కీలు (బస్తాలు) తెచ్చాడు. తేజ టిక్కీకి 8,000, తాలు టిక్కీకి 3,000 చొప్పున మొత్తం 3,25,000 రూపాయలు వచ్చాయి. తేజ ఎన్ని టిక్కీలు, తాలు ఎన్ని? (ధరలు లెక్క కోసం వేసుకున్నవి. ఇవాళ్టి రేటు ఇది కాదని ఎవరూ గొడవకి రావద్దు.)

చాలామంది పేజీ మీద మొదట రాసేది "ఎక్స్ = తేజ". అక్కడే చిక్కు. తేజ టిక్కీల సంఖ్యా? తేజ మీద వచ్చిన డబ్బా? రెండు లైన్ల తర్వాత రాసినవాళ్లకే గుర్తుండదు, ఎక్స్ + వై = 3,25,000 అని వేసేస్తారు. అందుకని మొదటి లైను పూర్తి వాక్యంగా రాయండి: "తేజ టిక్కీల సంఖ్య ఎక్స్ అనుకుందాం, తాలు టిక్కీల సంఖ్య వై అనుకుందాం."

తర్వాత ప్రశ్నలోని ఒక్కో వాక్యాన్ని ఒక్కో సమీకరణంగా మార్చండి. "కలిపి 50" అంటే ఎక్స్ + వై = 50. "మొత్తం 3,25,000" అంటే 8,000ఎక్స్ + 3,000వై = 3,25,000. దీన్ని వెయ్యితో భాగిస్తే 8ఎక్స్ + 3వై = 325. మొదటిదాన్ని 3తో గుణిస్తే 3ఎక్స్ + 3వై = 150. తీసివేస్తే 5ఎక్స్ = 175, ఎక్స్ = 35. వై = 15. సరిచూద్దాం: 35 టిక్కీలకు 2,80,000, 15 టిక్కీలకు 45,000, మొత్తం 3,25,000.

పదో తరగతిలో "రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత" పాఠంలోని మాటల లెక్కలు చాలావరకు ఈ అచ్చులోనే ఉంటాయి. వయసు లెక్కల్లో మాత్రం ఒక జాగ్రత్త: "5 ఏళ్ల కిందట" అంటే తల్లి వయసులోంచీ 5 తీయాలి, కూతురి వయసులోంచీ 5 తీయాలి. తల్లి దగ్గర తీసి కూతుర్ని వదిలేసేవాళ్లే ఎక్కువ.

గైడులో జవాబు వేరేగా ఉంది. ఎవరిది నమ్మాలి?

ప్రశ్నలో ప్రతిక్షేపించి చూడండి. ఏది నిలబడితే అది. గైడులో అచ్చుతప్పులు మామూలే.

## కామర్స్, బిజినెస్

డబ్బు వేస్తే బ్యాంకు మెసేజ్‌లో "క్రెడిట్" అని వస్తుంది. మా పుస్తకంలో మాత్రం బ్యాంకు ఖాతాకి డెబిట్ చేయమంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. ఎవరి పుస్తకం అన్నదే తేడా.

మీరు బ్యాంకులో 5,000 వేశారు. బ్యాంకు వైపు నుంచి చూడండి: ఆ డబ్బు వాళ్లది కాదు, ఎప్పుడడిగినా మీకు తిరిగి ఇవ్వాలి. అంటే మీకు వాళ్లు బాకీ. అప్పు పెరిగితే క్రెడిట్. కాబట్టి వాళ్ల పుస్తకంలో మీ ఖాతాకి 5,000 క్రెడిట్. మీ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ వాళ్ల పుస్తకంలోని ఆ లైనే. ఇక మీ వైపు: బ్యాంకులో ఉన్న మీ డబ్బు మీకు ఆస్తి. ఆస్తి పెరిగితే డెబిట్. కాబట్టి మీ చిట్టాలో బ్యాంకు ఖాతాకి డెబిట్ 5,000, చేతిలోంచి పోయిన నగదు ఖాతాకి క్రెడిట్ 5,000.

చిన్నప్పటి నుంచీ ఆ మెసేజ్‌లు చూసి "క్రెడిట్ అంటే రావడం, డెబిట్ అంటే పోవడం" అని మనసులో పడిపోయింది. ఇంటర్ మొదటి ఏడాది అకౌంట్స్‌లో పిల్లలు తడబడటానికి మా కమీషన్ కొట్టు ఆయన చెప్పే మొదటి కారణం ఇదే. ఆయన దగ్గర కూర్చున్నవాళ్లు ప్రతి పద్దుకీ ముందు "ఎవరి పుస్తకం?" అని పైకి అనాలి. అనకపోతే పెన్ను పట్టుకోనివ్వడు.

ఆ తర్వాత సూత్రం చిన్నదే. ఆస్తులు, ఖర్చులు పెరిగితే డెబిట్. అప్పులు, మూలధనం, ఆదాయం పెరిగితే క్రెడిట్. తగ్గితే తిరగేయండి. ఇది కుదిరితే తర్వాత వచ్చే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక కూడా సులువవుతుంది. నగదు పుస్తకంలో డెబిట్ నిల్వ పాస్‌బుక్కులో క్రెడిట్ నిల్వగా ఎందుకు కనిపిస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

జంటపద్దు విధానాన్ని (ప్రతి లావాదేవీనీ డెబిట్, క్రెడిట్ రెండు వైపులా రాసే పద్ధతిని) కనిపెట్టింది లూకా పాసియోలీ అని రాయవచ్చా?

కనిపెట్టాడని రాయకండి. 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో దాన్ని వివరించాడు. అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతి అది.

అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) రెండు వైపులా కలవడం లేదు. మొదటి నుంచీ మళ్లీ రాయాలా?

వద్దు, ముందు తేడా ఎంతో చూడండి. ఆ తేడాయే కొంత చెబుతుంది. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారై ఉండొచ్చు: 540 రాయాల్సిన చోట 450 రాస్తే తేడా 90. తేడాలో సగం మొత్తం మీ పద్దుల్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే, ఆ పద్దు డెబిట్‌కి బదులు క్రెడిట్ వైపు పడి ఉండొచ్చు. తేడా అంత మొత్తమే ఒక పద్దుగా కనిపిస్తే, దాన్ని ఒకవైపు రాసి రెండోవైపు మరిచిపోయి ఉంటారు. ఇవేవీ కాకపోతే అప్పుడు కూడికలు మళ్లీ చేయండి.

రెండు వైపులూ కలిసినంత మాత్రాన అంతా సరిగ్గా ఉన్నట్టు కూడా కాదు. ఒక అమ్మకాన్ని రెండు చోట్లా రాయడం మరిచిపోతే అంకణాకి ఏమీ తెలియదు.

లాభ శాతం కొన్న వెల మీదా, అమ్మిన వెల మీదా?

ప్రశ్న ఏమడిగిందో చూడండి. 80కి కొని 100కి అమ్మితే లాభం 20. కొన్న వెల మీద 25 శాతం, అమ్మకం మీద 20 శాతం. స్కూలు లెక్కల్లో ఏమీ చెప్పకపోతే కొన్న వెల మీద. అకౌంట్స్‌లో స్థూల లాభ నిష్పత్తి అంటే అమ్మకాల మీద. స్కూలు అలవాటు బీకామ్‌లోకి తీసుకొస్తే మార్కులు పోతాయి.

ఇద్దరు భాగస్తులు, పెట్టుబడి 2,00,000, 1,00,000. లాభం 60,000. ఒప్పందం లేదు. నేను 40,000, 20,000గా పంచాను. తప్పా?

తప్పే. న్యాయంగా అనిపించేది వేరు, చట్టం చెప్పేది వేరు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం ఒప్పందంలో ఏమీ లేకపోతే లాభనష్టాలు సమానం. చెరి 30,000. మూలధనం మీద వడ్డీ ఉండదు, పనిచేసినందుకు జీతమూ ఉండదు. ఒక భాగస్తుడు మూలధనం కాకుండా సంస్థకి అప్పు కూడా ఇచ్చి ఉంటే దాని మీద మాత్రం ఏటా 6 శాతం వడ్డీ వస్తుంది. ఉదాహరణకి 50,000 ఏడాది పాటు ఇచ్చి ఉంటే 3,000. ఆ 60,000 వడ్డీ తీయకముందు లాభమైతే, ముందు వడ్డీ తీసి, మిగిలిన 57,000ను చెరి 28,500గా పంచాలి.

"ఎక్కువ పెట్టినవాడికి అన్యాయం కదండీ" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ అన్యాయం వద్దనుకునేవాళ్లు ముందే ఒప్పందం రాసుకోవాలి. చుట్టాలతో కలిసి వ్యాపారం పెట్టేవాళ్లు మరీ ముఖ్యంగా.

గుంటూరు నుంచి హైదరాబాద్‌కి అమ్మితే జీఎస్టీ ఎలా వేయాలి?

ఐజీఎస్టీ, అంటే వేరే రాష్ట్రానికి అమ్మితే పడే జీఎస్టీ. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ వేరే రాష్ట్రం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేనాటికే విడిపోయాం. సరుకు 10,000, పన్ను 18 శాతం అనుకుంటే విజయవాడకి అమ్మినప్పుడు సీజీఎస్టీ (కేంద్రం వాటా) 900, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 900. హైదరాబాద్‌కి అమ్మితే ఐజీఎస్టీ 1,800. కొనేవాడు కట్టేది రెండింటిలోనూ అంతే.

తరుగుదలకి చేతిలోంచి డబ్బేమీ పోలేదు. ఖర్చు ఎందుకు రాయాలి?

డబ్బు కొన్న రోజునే పోయింది. ఎలక్ట్రానిక్ కాటా 50,000 పెట్టి కొన్నారు, కొన్నేళ్లు వాడతారు. మొత్తం ఖర్చును మొదటి ఏడాది మీదే రుద్దితే ఆ ఏడాది లేని నష్టం, తర్వాతి ఏళ్లలో లేని లాభం కనిపిస్తాయి. అందుకే ఏటా కొంత రాస్తారు. స్థిర వాయిదా పద్ధతిలో 10 శాతమైతే ఏటా 5,000. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 5,000, తర్వాత 4,500, తర్వాత 4,050. రెండో ఏడాది కూడా 50,000 మీదే 10 శాతం కట్టి "తగ్గుతున్న నిల్వలు" అని హెడింగ్ పెట్టేవాళ్లు ఉన్నారు. హెడింగ్‌కి మార్కులు రావు.

బ్రేక్ ఈవెన్ అర్థమైనట్టే ఉంటుంది, లెక్క మాత్రం రాదు.

ఒకావిడ ఇంట్లో గోంగూర పచ్చడి పెట్టి అమ్ముతోంది అనుకుందాం. గది అద్దె నెలకి 6,000. సీసా 150కి అమ్ముతుంది. గోంగూర, నూనె, మిరపకాయలు, సీసా కలిపి ఒక్కోదానికి 90 అవుతుంది. నెలకి ఎన్ని అమ్మితే లాభం లేదు, నష్టం లేదు?

మాకు ఎక్కువగా వచ్చే జవాబు 40. అంటే 6,000ని 150తో భాగించారు. 40 సీసాలు అమ్మితే 6,000 వస్తుంది నిజమే, కానీ ఆ 40 సీసాలకి సరుకు ఖర్చు 3,600 ఎవరిస్తారు? ప్రతి సీసా మీద అద్దెకి మిగిలేది 60 మాత్రమే. 6,000ని 60తో భాగిస్తే 100 సీసాలు. సమీకరణంగా రాస్తే 150ఎక్స్ = 6,000 + 90ఎక్స్. పైన బీజగణితంలో చెప్పినట్టే రెండు వైపులా 90ఎక్స్ తీసేయండి.

టేలర్, ఫేయోల్ ఇద్దర్నీ కలిపేస్తున్నాను.

ఇద్దరూ మేనేజ్‌మెంట్ సిద్ధాంతాలు రాసినవాళ్లే. టేలర్ 1911, కార్ఖానాలో పనివాడి దగ్గర నుంచి పైకి చూశాడు. ఫేయోల్ 1916, మేనేజర్ కుర్చీ దగ్గర నుంచి కిందికి చూశాడు. 14 సూత్రాలు ఫేయోల్‌వి.

## సైకాలజీ

ఋణాత్మక పునర్బలనం అంటే శిక్షే కదా?

కాదు. టెట్‌లో శిశువికాసం, పెడగాజీకి ఉన్న 30 మార్కుల్లో ఇలాంటి ఒక్క బిట్టుకే చాలామంది ఆగిపోతారు. కారణం ఏమిటంటే, "ఋణాత్మక" అనగానే చెడ్డది అనుకుంటారు. సైకాలజిస్టు స్కిన్నర్ దాన్ని లెక్కల్లో మైనస్‌లా వాడాడు, తీసేయడం అని.

రెండు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది, ఏదైనా చేర్చారా, తీసేశారా? రెండోది, దానివల్ల ఆ పని పెరిగిందా, తగ్గిందా? పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. చేరిస్తే ధనాత్మకం, తీసేస్తే ఋణాత్మకం.

కారులో సీటు బెల్టు పెట్టుకునేదాకా బీప్ మోగుతుంది, పెట్టుకోగానే ఆగుతుంది. తీసేసింది మోత, పెరిగింది బెల్టు పెట్టుకోవడం. ఇది ఋణాత్మక పునర్బలనం. ఆలస్యంగా వచ్చినందుకు నాన్న ఫోన్ లాక్కున్నాడు, ఆలస్యంగా రావడం తగ్గింది. తీసేశారు, తగ్గింది. ఇది ఋణాత్మక శిక్ష. మేష్టారు కసిరాడు, అల్లరి తగ్గింది. చేర్చారు, తగ్గింది. ధనాత్మక శిక్ష.

ఇప్పుడు ఇంటికి రండి. తిన్న కంచం కడిగేదాకా అమ్మ సణుగుతూనే ఉంటుంది, కడగగానే ఆపేస్తుంది. మర్నాడు మీరు తినగానే కంచం కడిగేస్తారు. మీ వైపు నుంచి ఋణాత్మక పునర్బలనం. అమ్మ వైపు నుంచి? సణిగితే కంచం శుభ్రమైంది, కాబట్టి సణగడం పెరుగుతుంది. అది ధనాత్మక పునర్బలనం. మా మేడమ్ ఈ ఉదాహరణ చెప్పాక ఒక అమ్మాయి "అయితే మేడమ్, మా అమ్మ ఎప్పటికీ ఆపదన్నమాట" అంది. ఆ అమ్మాయికి పాఠం వచ్చినట్టే.

ఒక హెచ్చరిక. ఇచ్చినవాళ్ల ఉద్దేశం లెక్కలోకి రాదు. తిట్టినా అల్లరి పెరిగితే, ఆ తిట్టు ఆ పిల్లాడికి పునర్బలనమే. క్లాసులో ఎవరూ పట్టించుకోని పిల్లాడికి తిట్టు కూడా పలకరింపే.

పావ్‌లోవ్ ప్రయోగంలో ఏది నిబంధిత ఉద్దీపన, ఏది నిర్నిబంధితం?

ఆ ప్రయోగంలో కుక్కకి ఆహారం పెడుతూ గంట మోగించేవారు. నేర్పకుండానే పనిచేసేది నిర్నిబంధితం: ఆహారం నిర్నిబంధిత ఉద్దీపన, దానికి ఊరే లాలాజలం నిర్నిబంధిత ప్రతిస్పందన. గంట మొదట్లో తటస్థ ఉద్దీపన. ఆహారంతో కలిపి మోగించగా మోగించగా నిబంధిత ఉద్దీపన అయింది. లాలాజలం రెండుసార్లూ లాలాజలమే అయినా, గంటకి ఊరినప్పుడు దాని పేరు నిబంధిత ప్రతిస్పందన. పేరు మారేది దేనికి స్పందించారన్నదాన్ని బట్టి.

సొంత ఉదాహరణ రాయమంటే చాలామంది "స్కూలు గంట కొట్టగానే పిల్లలు బయటికి పరుగెత్తడం" రాస్తారు. పరుగు కావాలని చేసే పని, దాని ఫలితం కోసం చేసేది. అది కార్యసాధక నిబంధనం వైపు పోతుంది. పళ్ల డాక్టరు దగ్గర మిషన్ చప్పుడు వినగానే గుండె దడదడలాడటం రాయండి, సరిగ్గా సరిపోతుంది.

ఇంకొకటి. పావ్‌లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. నిబంధనానికి అని రాయకండి.

పియాజే చెప్పిన, పిల్లల ఆలోచన ఎదిగే దశలు, వయసులు గుర్తుండటం లేదు.

వయసులు బట్టీయే: 2 దాకా ఇంద్రియ చాలక, 7 దాకా పూర్వ ప్రచాలక, 11 దాకా మూర్త ప్రచాలక, ఆపైన అమూర్త ప్రచాలక. భావనలు బట్టీ పట్టనక్కర్లేదు. ఇంట్లోనో పక్కింట్లోనో నాలుగైదేళ్ల పిల్లలుంటే రెండు ఒకేలాంటి గ్లాసుల్లో మజ్జిగ సమానంగా పోయండి. సమానమేనా అని అడగండి. ఇప్పుడు ఒకదాన్ని సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి వంచి మళ్లీ అడగండి. చాలావరకు పొడుగు గ్లాసులోనే ఎక్కువంటారు. మీరే కళ్లముందు వంచారు, ఒక్క చుక్క కలపలేదు, అయినా సరే. పదిలపరచుకునే భావన (ఆకారం మారినా కొలత మారదన్న ఎరుక) ఇంకా రాలేదంటే అదే. ఎనిమిదేళ్ల అక్కని అడిగితే మీవైపు జాలిగా చూస్తుంది.

మాస్లో చెప్పిన అవసరాల మెట్ల ప్రకారం కింది అవసరం పూర్తిగా తీరితేనే పైది వస్తుందా?

గైడుల్లో అలాగే ఉంటుంది. కానీ 1943 నాటి తన వ్యాసంలోనే, నూటికి నూరు శాతం తీరాలనుకోవడం పొరపాటని మాస్లో చెప్పాడు. చాలామందికి అన్ని అవసరాలూ కొంత తీరి, కొంత తీరకుండానే ఉంటాయి. ఈ ఒక్క వాక్యం కలిపితే జవాబుకి బరువొస్తుంది.

సహసంబంధం (రెండు విషయాలు కలిసి మారడం) ఉంటే కారణం ఉన్నట్టే కదా?

చెరుకు రసం అమ్మకాలు పెరిగిన నెలల్లో కరెంటు కోతలూ పెరుగుతాయి. చెరుకు రసం బళ్లను మూయిస్తే కరెంటు వస్తుందా? రెండింటి వెనకా ఎండ ఉంది. మీ ప్రాజెక్టులో "ఫోన్ ఎక్కువ చూసేవాళ్లకి మార్కులు తక్కువ" అని తేలితే, "ఫోన్ వల్ల మార్కులు తగ్గాయి" అని ముగించకండి. మార్కులు రాక విసిగి ఫోన్ పట్టుకున్నవాళ్లూ ఉండొచ్చు.

కేస్ స్టడీకి మా ఫ్రెండ్ గురించి రాశాను. తనకి డిప్రెషన్ ఉందో లేదో చెబుతారా?

చెప్పం. కేస్ స్టడీలో పేరు, ఊరు, కాలేజీ తీసేసి పంపండి, ఆ మనిషి ఒప్పుకున్నాకే పంపండి. రాసిన తీరులో లోపాలు చూపిస్తాం. జబ్బు ఉందో లేదో తేల్చేది డాక్టరు. మీకో, మీ ఫ్రెండ్‌కో నిజంగానే మనసు బాగాలేకపోతే హోంవర్క్ పక్కనపెట్టి 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

## మిగిలినవి

ప్రాజెక్టు రిపోర్టు రాసిపెడతారా? డబ్బులిస్తాం.

రాసిపెట్టం. మీరు వేసిన ప్రశ్నావళి తెస్తే, అందులో ఏ ప్రశ్న రెండు ప్రశ్నల్ని కలిపేసిందో, ఏది జవాబును నోట్లో పెట్టేస్తోందో చూపిస్తాం.

చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబు సరైనదో కాదో చూస్తారా?

చూస్తాం. కానీ దాని జవాబు కింద, మీకు నమ్మకం కుదరని లైను ఏదో గీత గీసి తీసుకురండి. ఒక్క లైను దగ్గర కూడా అనుమానం రాలేదంటే చదవలేదని అర్థం. ఇలాంటివాటిలో మాకు తరచుగా కనిపించే తేడా ఏమిటంటే, లెక్క సరిగ్గానే ఉంటుంది గానీ మీ పుస్తకంలోని పద్ధతి కాదు. సీఈసీ పిల్లాడి నోట్సులో విదేశీ అకౌంటింగ్ పదాలుంటే లెక్చరరు ఒక్క చూపులో పట్టేస్తారు.

మా బాబు లెక్కలంటే భయపడుతున్నాడు. ఇంట్లో మేమేం చేయాలి?

పక్కన కూర్చోండి, పెన్సిల్ మాత్రం లాక్కోకండి. "ఇది కూడా రాదా" అన్న మాట వద్దు. "ఈ లైను నుంచి ఈ లైనుకి ఎలా వచ్చావు నాన్నా?" అని అడగండి. మీకు బీజగణితం రాకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు. చెబుతూ చెబుతూ సగం సార్లు వాడే ఆగిపోతాడు, "ఉండమ్మా, ఇక్కడ తప్పేసినట్టున్నా" అని.

ఫీజెంత? ఏ టైములో ఉంటారు?

ఫీజు లేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, ఆదివారాలు తప్ప. సంక్రాంతి మూడు రోజులూ ఉండం. మార్చిలో పదో తరగతి పరీక్షలయ్యేదాకా ముందు ఆ పిల్లలకే, డిగ్రీవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. మిర్చి సీజన్‌లో యార్డు పని తెమిలేసరికి మా అకౌంట్స్ ఆయనకి ఎనిమిదవుతుంది. కామర్స్ వాళ్లు ఆ టైముకే రండి.